ముసలి కుక్క తెగ నీళ్లు తాగుతోంది, అస్తమానం మూత్రం. ముందు ఏ టెస్టు?

అన్నానగర్ వాసి:
ఉండేది చెన్నై. ఆడ స్పిట్జ్, 11 ఏళ్లు, 9 కిలోలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. రెండు వారాలుగా గిన్నె నింపడమే ఆలస్యం, ఖాళీ. రాత్రి రెండు మూడుసార్లు తలుపు గీకుతోంది, లేచేలోపు హాల్లో మడుగు. తిండి కాస్త తగ్గింది. ఎండలు కదా తాగనీ అంటారు ఒకరు, రాత్రి గిన్నె తీసేయమంటారు ఇంకొకరు. షుగరా, కిడ్నీనా?

కొలతగ్లాసు:
గిన్నె మాత్రం తీయకండి. ఎక్కువ తాగడం వల్లే ఎక్కువ పోస్తోందనుకుంటాం గానీ, చాలా జబ్బుల్లో వరస తిరగబడుతుంది. కిడ్నీ నీటిని పట్టి ఉంచలేక వదిలేస్తుంది, ఆ లోటు పూడ్చుకోవడానికే ఆ దాహం. నీళ్లు ఆపితే మూత్రం ఆగదు, ఒళ్లు ఎండిపోతుంది.

ముందు కొలవండి. పొద్దున 7 నుంచి మర్నాడు 7 వరకు కొలిచిపోసిన నీళ్లలోంచి మిగిలినవి తీసేయండి. బాత్రూం తలుపు వేసి ఉంచాలి. కుండీల కింద సాసర్లు, ఏసీ నీళ్ల బకెట్ ఎత్తేయాలి, లెక్క తప్పేది అక్కడే. మామూలుగా కిలోకి రోజుకు 50-60 మి.లీ., అంటే మీ కుక్కకి అర లీటరు. కిలోకి 100 దాటితే, మీ లెక్కలో 900, ఎండల మీద తోసేయడానికి లేదు.

ఇంకో మాట: చివరిసారి హీట్‌కి (ఎదకు) ఎప్పుడు వచ్చింది?

అన్నానగర్ వాసి:
నిన్నటి కొలత 1,300 మి.లీ. హీట్ అయి ఆరు వారాలు. చీము లాంటిదేమీ కారడం లేదు.

పశువైద్యం, వేపేరి వైపు:
కిలోకి 144 మి.లీ. పైగా ఆరు వారాలంటున్నారు. షుగర్, కిడ్నీ తర్వాత చూద్దాం, ముందు గర్భసంచి చూడాలి. హీట్ అయిన నెల రెండు నెలల్లో వచ్చే పయోమెట్రా, అంటే గర్భసంచిలో చీము, ఇలాగే మొదలవుతుంది. ఆ క్రిముల విషం కిడ్నీ మీద పనిచేసి నీటిని నిలబెట్టే హార్మోను మాట విననివ్వదు. అందుకే ఆ దాహం.

చీము కారడం లేదన్నది ధైర్యం చెప్పే విషయం కాదు. గర్భసంచి ముఖద్వారం మూసుకుపోతే చీమంతా లోపలే ఉండిపోతుంది, ప్రమాదం ఎక్కువ. ఇంకా కొలుస్తూ ఆగకండి, ఇవాళే పొట్ట అల్ట్రాసౌండ్, సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించండి. తెల్లకణాలు మామూలుగా వచ్చినంత మాత్రాన కొట్టిపారేయకూడదు, స్కానే ముఖ్యం. దగ్గర్లో స్కాన్ లేకపోతే వేపేరి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఆఖరిసారి తిండి ఎప్పుడు పెట్టారో రాసుకెళ్లండి, మత్తు ఇచ్చేవాళ్లు అడుగుతారు. పయోమెట్రా అయితే సాధారణంగా సెలైన్, యాంటీబయాటిక్‌తో కాస్త నిలబెట్టి గర్భసంచి, అండాశయాలు తీసేస్తారు. వాంతి, వణుకు, తల ఎత్తకపోవడం కనిపిస్తే అపాయింట్‌మెంట్ చూసుకోకుండా వెళ్లిపోండి.

ల్యాబ్ పని:
స్కాన్‌లో ఏమీ లేకపోతే మూత్రమే మొదటి టెస్టు. పొద్దున మొదటిది, నీళ్లు తాగకముందే పట్టాలి. స్పిట్జ్ నేలకు అంటుకుని కూర్చుంటుంది, గరిటె పట్టదు. లోతు లేని స్టీలు ప్లేటు మొదటి చుక్కలు పోయాక వెనకనుంచి తోయండి. ఫినాయిల్, సబ్బు వాసన ఉన్న ప్లేటు వద్దు. గంటలోపు ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి.

మూత్రం చిక్కదనం (స్పెసిఫిక్ గ్రావిటీ) రిఫ్రాక్టోమీటర్‌ అనే పరికరంతో చూడమని చెప్పండి. మూత్రంలో ముంచే స్ట్రిప్పులో చిక్కదనం గడి కుక్కలకి పనికిరాదు. 1.030 దాటితే కిడ్నీ బాగానే చిక్కబరుస్తోంది. 1.008-1.012 మధ్యే ఆగిపోతే కిడ్నీ మీద అనుమానం, అయితే ఒక్క శాంపిల్‌తో తేల్చరు. అంతకన్నా పలచనైతే కుషింగ్స్ వంటి హార్మోను జబ్బుల వైపు వెతుకుతారు. కుషింగ్స్‌లో ఆకలి సాధారణంగా పెరుగుతుంది, మీ కుక్కకి తగ్గింది కాబట్టి నాకైతే అంతగా పొసగడం లేదు. స్ట్రిప్పులో గ్లూకోజ్‌తో పాటు కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగితే వచ్చేవి) కూడా వస్తే అది ఎమర్జెన్సీ.

రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), గ్లూకోజ్, ఏఎల్‌పీ అనే ఎంజైముతో పాటు కాల్షియం అడిగి రాయించుకోండి. చవక ప్యాకేజీల్లో చాలాసార్లు అదే ఉండదు, కొన్ని క్యాన్సర్లు దాహంతో బయటపడేది అక్కడే. స్టెరాయిడ్ ఉన్న చెవి చుక్కలు, చర్మానికి పూసే మందులు వాడుతుంటే ట్యూబు చూపించండి, అవీ దాహం పెంచుతాయి.

కొలతగ్లాసు:
ఆపరేషనైతే ఇంటికొచ్చాక కూడా కొలత రాస్తూ ఉండండి. దాహం ఒక్కరోజులో పోదు, మెల్లగా దిగుతుంది. రెండు మూడు వారాలకి కూడా 900 మి.లీ. కిందికి రాకపోతే క్రియాటినిన్, మూత్రం చిక్కదనం మళ్లీ చూడాలి.

అన్నానగర్ వాసి:
సాయంత్రం 4కి స్కాన్. కొలతల కాగితం, చెవి చుక్కల సీసా సంచిలో పెట్టుకున్నా.