అమ్మాయి ఐడల్ అవుతానంటోంది, సంతకం పెట్టమంటారా?

నమస్కారమండీ. మేం టోక్యోలో నిషికసాయ్‌లో ఉంటాం. మా అమ్మాయికి పదిహేడేళ్లు, ఐదో క్లాసు నుంచి చదువంతా ఇక్కడే. ఐడల్ అంటే ఇక్కడ స్టేజి మీద పాడుతూ, డాన్స్ చేస్తూ అభిమానుల్ని సంపాదించుకునే కుర్ర కళాకారులు. అలాంటివాళ్లను నడిపే ఓ చిన్న ఏజెన్సీ ఆడిషన్‌లో మా అమ్మాయి సెలెక్ట్ అయింది. పిల్ల గాల్లో తేలుతోంది, టెన్షనంతా నాది.

కాగితాలు చదివా. జీతం లేదు. షో అయ్యాక అభిమానులతో చెకీ దిగాలి, అంటే అప్పటికప్పుడు చేతికొచ్చే ఫొటో. దాని అమ్మకంలో వాటా ఇస్తారట. డ్రెస్సుల ఖర్చు మాదే. ప్రేమలో పడితే జరిమానా, మధ్యలో మానేసినా జరిమానాయే! "అందరూ పెట్టే సంతకమే కదా నాన్నా" అంటుంది.

మయెదా అత్సుకో 2012లో ఏకేబీ48 అనే పేరున్న ఐడల్ గ్రూపు వదిలి నటి అయింది. సషిహర రినో ఐడల్ గ్రూపులకు ప్రొడ్యూసర్ అయింది. కషివగి యుకి 32 ఏళ్ల దాకా, 2024 వరకు, ఆ గ్రూపులోనే ఉంది. కానీ వాళ్లది పెద్ద గ్రూపు. చిన్న లైవ్ హౌస్‌లలో, అంటే చిన్న సంగీత వేదికల్లో, మొదలెట్టి వయసు పాతికేళ్లు దాటాక కూడా ఈ రంగంలోనే బతుకుతున్నవాళ్లు మీకు తెలుసా? నటనా, వాయిస్ యాక్టింగా, ఇప్పట్నుంచే పక్కన ఏది నేర్పించాలి? డిపెండెంట్ వీసాలో వారానికి 28 గంటలే పని చేయనిస్తారు, మరి రిహార్సల్స్ కూడా అందులోకే వస్తాయా? ముందు లాయరుకు చూపించాలా?

శుక్రవారంలోగా జవాబు చెప్పాలట.