స్ట్రమ్మింగ్‌కి ఏ పిక్ కొనాలి? సార్ ఒకటంటారు, షాపతను ఇంకొకటంటాడు

కొత్త తీగ:
అందరికీ నమస్తే. గిటార్ మొదలుపెట్టి మూడు నెలలైంది. అకౌస్టిక్, కాస్త సన్న తీగల సెట్ (11). సినిమా పాటలు స్ట్రమ్ చేస్తూ, అంటే తీగలన్నీ ఒక్క ఊపులో మీటుతూ పాడుకోవాలి, అంతకుమించి ఆశల్లేవు. తీగలు మీటే ప్లాస్టిక్ బిళ్ల, అదే పిక్, 1 ఎంఎం కన్నా పల్చటిది పట్టుకుంటే మా క్లాసులో సార్ ఊరుకోరు. దాంతో స్ట్రమ్ చేస్తుంటే తీగల మధ్య ఇరుక్కుంటోంది, లేదంటే చేతిలోంచి జారి సౌండ్ హోల్‌లో పడుతోంది. నిన్న రాత్రి పదకొండింటికి గిటార్ తిరగేసి ఊపుతుంటే మా అమ్మ లేచొచ్చి "ఏంట్రా, లోపల ఎలకేమన్నా దూరిందా" అంది. కోఠిలో షాపతను 0.46 ఇచ్చాడు. అది సులువుగానే ఉంది గానీ, ఫ్యాన్‌కి క్యాలెండర్ కాగితం కొట్టుకున్నట్టు టపటపమంటోంది. ఏది కొనను?

ఒకటిన్నర ఎంఎం:
మీ సార్ చెప్పిందే కరెక్ట్. పల్చటి పిక్ తీగకు తగలగానే ముందు అది వంగుతుంది, తర్వాత తీగను వదులుతుంది. అంటే శబ్దం ఎప్పుడు రావాలో నువ్వు కాదు, ప్లాస్టిక్ నిర్ణయిస్తోంది. నీకు వినపడుతున్న టపటప కూడా ఆ వంగుడే. మందపాటిది వంగదు, నీ చెయ్యి ఏం చేస్తే అదే తీగకు చేరుతుంది.

నా సంగతి చెప్తా. మొదటి రెండేళ్లు నేను 0.46తోనే వాయించా. "సులువుగా ఉందిగా, చాలు" అన్నారు మా క్లాసులో. తర్వాత ఆల్టర్నేట్ పికింగ్ (ఒకసారి కిందికి, ఒకసారి పైకి మీటడం) మొదలుపెడితే చెయ్యి ఒకటి చేస్తే పిక్ ఇంకొకటి చేసేది. మణికట్టు మొదటినుంచి దిద్దుకోవాల్సొచ్చింది. రెండేళ్లు గంగలో కలిశాయి. ఇప్పుడు 1.5 తప్ప ముట్టుకోను. కష్టమైనా మొదటినుంచే మందపాటిది అలవాటు చేసుకో.

పాత కార్డు:
ఎక్స్‌పైరీ అయిన ఏటీఎం కార్డు, ఒక కత్తెర. పైసా ఖర్చు లేదు.

మారేడ్‌పల్లి రిథమ్:
కొత్త తమ్ముడికి స్వాగతం. నువ్వడిగింది పాటకు స్ట్రమ్మింగ్. పైన తమ్ముడు చెప్పింది లీడ్ వాయించేవాళ్ల, అంటే ఒక్కో స్వరం విడిగా మీటేవాళ్ల సంగతి. రెండూ వేరు.

నేను పద్దెనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం చర్చిలో వాయిస్తున్నా. డిసెంబర్ వస్తే క్యారల్స్‌కి రాత్రంతా టెంపో బండిలో నిలబడి వాయించడమే. ఆరు తీగల మీద కిందికీ పైకీ గంటల తరబడి తిప్పేటప్పుడు పిక్ కొంచెం వంగాలి. వంగితేనే ఒక దెబ్బ ఎక్కువ, ఒక దెబ్బ తక్కువ కాకుండా సమంగా పడుతుంది. మందపాటిదాంతో గట్టిగా స్ట్రమ్ చేస్తే లావు తీగలు గుయ్యిమని పాడేవాళ్ల గొంతు మింగేస్తాయి. 0.46 మరీ కాగితం, అది వదిలెయ్. 0.60, 0.73 రెండూ కొనుక్కో. డన్‌లప్ కంపెనీ టార్టెక్స్ పిక్‌లైతే నారింజ రంగుది 0.60, పసుపుది 0.73. ఒక వారం అదీ, ఒక వారం ఇదీ వాయించి చూడు.

ఒకటిన్నర ఎంఎం:
అన్నా, గౌరవంతోనే చెప్తున్నా. 0.73 కూడా పల్చటిదే. 0.46 నుంచి అక్కడికి మారితే జ్వరానికి ఒక బిళ్ల బదులు ఇంకో బిళ్ల వేసుకున్నట్టే.

మారేడ్‌పల్లి రిథమ్:
0.73 పల్చటిది కాదు తమ్ముడూ, మీడియం.

ఒకటిన్నర ఎంఎం:
ఎవరు చెప్పారు? వేలితో నొక్కితే వంగుతుంది. వంగేది పల్చటిదే.

మారేడ్‌పల్లి రిథమ్:
స్టీలు స్కేలు కూడా నొక్కితే వంగుతుంది. నేను పనిచేసేది బాలానగర్‌లో లేత్ వర్క్‌షాప్‌లో. మందం కొలిచే వెర్నియర్ చేతిలోనే ఉంటుంది. ఇవాళ లంచ్‌లో నా డబ్బాలో పిక్‌లన్నీ కొలిచా. "మీడియం" అని అచ్చేసి ఉన్న సెల్యులాయిడ్ పిక్ 0.71 వచ్చింది. అది మీడియం అయినప్పుడు 0.73 పల్చటిది ఎట్లయితది?

ఒకటిన్నర ఎంఎం:
ఒక కంపెనీ మీడియం అని అచ్చేస్తే లోకానికంతా మీడియం అయిపోతుందా? ఇరానీ హోటల్లో "ఫుల్ చాయ్" అంటే కూడా కప్పు ఎంతుంటుందో తెలుసు కదా.

పాత కార్డు:
మధ్యలో వస్తున్నందుకు సారీ. ఏటీఎం కార్డు మందం 0.76. మరి అది పల్చటిదా, మీడియమా? నా పిక్‌కి న్యాయం చెయ్యండి.

వీణ వదిలినదాన్ని:
మీరిద్దరూ అంకెలు పట్టుకుని కూర్చున్నారు గానీ, పిక్ దేంతో చేశారో ఒక్కరూ అడగలేదు. నైలాన్ 0.73, టార్టెక్స్ 0.73 పక్కపక్కన పెట్టి వంచి చూడండి. నైలాన్ మెత్తగా వంగుతుంది, టార్టెక్స్ బిగుసుగా నిలబడుతుంది. మందం ఒకటే, చేతికి మాత్రం రెండు వేర్వేరు వస్తువులు. ఇద్దరూ ఒకే అంకె చెప్పి వేర్వేరు పిక్‌ల గురించి పోట్లాడుతున్నారేమో కూడా.

ఒకప్పుడు మంచి పిక్ అంటే తాబేలు డిప్పతో చేసిందే. సముద్రపు తాబేళ్లు అంతరించే దశకు రావడంతో 1970ల్లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. టార్టెక్స్ లాంటివి దాని స్థానంలో వచ్చాయి, ఆ పేరులోనే తాబేలుంది. సరోద్ వాయించేవాళ్లు కొబ్బరి చిప్ప ముక్కతో మీటుతారు. చిన్నప్పుడు మా వీణ గురువుగారు వేళ్లకు తీగ ఉంగరాలు తొడిగి మీటేవారు, నాకు గోటితోనే మీటడం అలవాటు. ఇద్దరి నాదం వేరుగా ఉండేది, ఇద్దరిదీ తప్పని ఎవరూ అనలేదు.

కొత్త తీగ, ఇంకో మాట. జారిపోతోందన్నావు. ఎండాకాలం మన ఊళ్లో చేతులకు పట్టే చెమటకి నున్నటి పిక్ ఏదైనా జారుతుంది. అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్న నైలాన్ పిక్ ఒకసారి ప్రయత్నించు.

బోయిన్‌పల్లి బాస్:
బాస్ గిటార్ నేర్చుకో. రెండు వేళ్లు చాలు. ఈ లొల్లే ఉండదు.

ఒకటిన్నర ఎంఎం:
మేడమ్, మెటీరియల్ సంగతి సరే. కానీ అన్న చెప్పింది టార్టెక్స్ గురించే, నేనూ టార్టెక్స్ గురించే మాట్లాడుతున్నా. టార్టెక్స్‌లోనే 0.73 పల్చటి వైపుది. ఆ పైన ఆకుపచ్చ 0.88, నీలం 1.0, ఊదా 1.14 ఉన్నాయి.

మారేడ్‌పల్లి రిథమ్:
ఆ కింద ఎరుపు 0.50, నారింజ 0.60 కూడా ఉన్నాయి. కింద రెండు, పైన మూడు. నడిమిది కాక ఇంకేంటి?

పాత కార్డు:
క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయన్ మే సిక్స్‌పెన్స్ అనే పాత ఇంగ్లీషు నాణెంతో వాయిస్తాడు. రూపాయి బిళ్లతో నేనూ చూశా. తీగ తెగింది.

ఒకటిన్నర ఎంఎం:
చూశారా? నాణెం వంగుతుందా?

మారేడ్‌పల్లి రిథమ్:
జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ బొటనవేలితో వాయించాడు. బొటనవేలు ఎన్ని ఎంఎం తమ్ముడూ?

ఒకటిన్నర ఎంఎం:
అన్నా, వాళ్లిద్దరూ ఏం వాయించారో కూడా చూడండి. ఆ స్థాయికి వెళ్లాలనుకునేవాళ్లకి చెప్తున్నా నేను. ఆదివారం నాలుగు కార్డులు (పాట కింద వాయించే స్వరాల గుంపులు) తిప్పడానికైతే ఏ పిక్ అయినా ఒకటే, ఏటీఎం కార్డు కూడా సరిపోతుంది.

బోయిన్‌పల్లి బాస్:
అయ్యో.

పాత కార్డు:
నా కార్డుని ఇందులోకి లాగకండి.

మోడరేటర్:
పిక్‌ల గురించి మాట్లాడండి, మనుషుల గురించి వద్దు. ఇంకోసారైతే ఈ చర్చ మూసేస్తా.

మారేడ్‌పల్లి రిథమ్:
మోడరేటర్ గారూ, మూయకండి, ఒక్క మాట చెప్పి వెళ్లిపోతా. ఇన్ని పోస్టులకు ఇప్పుడు బయటపడింది అసలు సంగతి.

నాలుగు కార్డులే సార్. ఆ నాలుగు కార్డుల మీద రెండు వందల మంది పాడతారు. వాళ్లలో సగం మందికి శ్రుతి తెలియదు, తాళం తెలియదు. ఒకరు ముందు పరిగెడతారు, ఒకరు వెనకబడతారు. నేను ఒక్క దెబ్బ తప్పితే పాట ఆగిపోతుంది. నేను తప్పలేదని మాత్రం ఎవరికీ తెలియదు, తెలియకూడదు కూడా.

మూడేళ్ల కింద ఒక సంగీత్ ఫంక్షన్‌కి పిలిచారు, కొంపల్లి వైపు ఫంక్షన్ హాలు. నాలుగు గంటలు ఆపకుండా వాయించా. లీడ్ వాయించిన కుర్రాడు మూడు పాటల్లో చెరో ఇరవై సెకన్లు సోలో కొట్టాడు. డబ్బులిచ్చేటప్పుడు అతనికి ఎంతిచ్చారో నాకు అందులో సగం ఇచ్చారు. ఎందుకని అడిగితే "రిథమే కదన్నా, ఎవరైనా వాయిస్తారు" అన్నాడు పిలిచినాయన. మీరు కాదులెండి, మీలాంటివారే.

ఈ తమ్ముడు పాడుకుంటా, స్ట్రమ్ చేసుకుంటా అన్నాడు. దానికి మీ జవాబు, రేపు లీడ్ వాయిస్తావు కాబట్టి ఇప్పుడే కష్టపడు అని. స్ట్రమ్మింగ్ అంటే మీకు మెట్టు, ఎక్కి దాటిపోయేది. నాకు అదే ఇల్లు. నాకు మండింది 0.73 దగ్గర కాదు.

వీణ వదిలినదాన్ని:
ఈ ముక్క మొదటే రాసి ఉంటే రెండు పేజీలు మిగిలేవి. సరే, ఇప్పుడైనా రాశారు.

ఒకటిన్నర ఎంఎం:
నిన్న రాత్రే చదివాను, వెంటనే రాయలేకపోయాను. నాలుగు కార్డులన్న మాట తప్పు. క్షమించండి అన్నా.

కానీ నాదీ వినండి. నేను చేరిన క్లాసుకి నెలకి రెండున్నర వేలు. మా నాన్న ఆటో నడిపేవారు. రెండేళ్లు ఆ డబ్బు కట్టారు. ఆ రెండేళ్లలో ఒక్కరోజు కూడా నా పిక్ వైపు ఎవరూ చూడలేదు, చెయ్యి ఎలా పట్టుకున్నానో చూడలేదు. పాట వస్తోంది కదా, పిల్లాడు సంతోషంగా ఉన్నాడు కదా అని వదిలేశారు. పక్క ఇన్‌స్టిట్యూట్‌లో చేరితే మొదటిరోజే అక్కడి సార్ నా చెయ్యి చూసి నవ్వారు. ఎవరైనా కొత్తవాడికి "సులువుగా ఉండేది తీసుకో" అంటే నాకు ఒళ్లు మండేది అందుకే. వీడికైనా ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి కదా అని.

కొత్త తీగ, ఇది మాత్రం నిజం: సగం తప్పు పిక్‌ది కాదు. నువ్వు పిడికిలి బిగించి పట్టుకుంటున్నావని పందెం. చూపుడువేలిని లోపలికి మడిచి, దాని పక్కమీద పిక్ పెట్టి, పైన బొటనవేలు ఆనించు. మొన బయటికి మూడు నాలుగు ఎంఎం కన్నా ఎక్కువ కనపడకూడదు. ఎక్కువ బయటికుంటే తీగల మధ్యలోకి దిగిపోతుంది, నీది ఇరుక్కుంటున్నది అందుకే. కిందికి వెళ్లేటప్పుడు మొన కొద్దిగా పైకి వాలాలి, పైకి వచ్చేటప్పుడు కిందికి వాలాలి. గోడకు సున్నం వేసే బ్రష్ ఎటు తిప్పితే దానికి వెనక వాలుతుంది చూడు, అట్లా. ఇట్లా వదులుగా పట్టుకుంటే నా 1.5తో కూడా మెత్తగా స్ట్రమ్ చెయ్యొచ్చు. వంగాల్సింది పిక్ కాకపోతే వేళ్లే వంగుతాయి.

మారేడ్‌పల్లి రిథమ్:
ఈ ముక్క మొదటి పోస్టులో ఉంటే నేను నోరెత్తేవాణ్ని కాదు తమ్ముడూ. పట్టు సంగతి నూటికి నూరు పాళ్లు కరెక్ట్. నాన్నగారికి నమస్కారాలు చెప్పు.

కొత్త తమ్ముడూ, జారడానికి ఇంకో మందు. ఎమరీ పేపర్ ముక్కతో పిక్ రెండు వైపులా బొటనవేలు ఆనే చోట నాలుగు రుద్దులు రుద్దు. మొన జోలికి పోకు, గరగరలాడుతుంది. ఒక నెల వాయించాక మొనని ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూడు. ఒక పక్కే వాలుగా అరిగితే నీ చెయ్యి ఆ వాలులో వెళ్తోందన్నమాట. మరీ కోసుగా అరిగితే పారెయ్, లేదంటే తిప్పి గుండ్రటి మూల వాడుకో. బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ గుండ్రటి వైపుతోనే వాయించేవాడు.

బోయిన్‌పల్లి బాస్:
ఇద్దరూ కలిసిపోయారా? నాకు బోర్ కొడుతోంది.

కొత్త తీగ:
అందరికీ థాంక్స్, మధ్యలో రాయడానికి భయమేసింది. నిన్న సుల్తాన్ బజార్ వైపు వెళ్లి పసుపుది ఒకటి, ఆకుపచ్చది ఒకటి, మేడమ్ చెప్పిన నైలాన్‌ది ఒకటి కొన్నా. పట్టు మార్చాక పసుపుదాంతో నిన్న రాత్రి ఒక పాట మొత్తం ఆగకుండా వాయించా. ఒక్కసారి కూడా లోపల పడలేదు. ఆకుపచ్చదాంతో ఇంకా కొంచెం ఇరుక్కుంటోంది, కానీ మొదట్లో అంత లేదు. నైలాన్‌ది మెత్తగా ఉంది, నెమ్మది పాటలకు బాగుంది. సార్‌కి ఇంకా చూపించలేదు.

సార్ ఇచ్చిన 1 ఎంఎం వెతికితే వంటింట్లో దొరికింది. అమ్మ దాంతో గాజు సీసాల మీద స్టిక్కర్లు గీకుతోంది. పల్చటిది ఇస్తానంటే వద్దంది, వంగిపోతోందట.

ఒకటిన్నర ఎంఎం:
అమ్మగారికి తెలిసింది.