దొరకని ఒకరిద్దరి కోసం ఫ్లోర్ మొత్తాన్ని సస్పెండ్ చేయొచ్చా?

మూడో_ఫ్లోర్:
బీటెక్ థర్డ్ ఇయర్ నాది. కాలేజీ పేరు వద్దు. మొన్నామధ్య రాత్రి మా హాస్టల్లో ఓ ఫస్టియర్ అబ్బాయి చేత గంటసేపు గోడకుర్చీ వేయించారు. ముఖం మీద ఫోన్ టార్చి కొట్టడంతో ఎవరో పోల్చుకోలేకపోయాడు. మర్నాడు పొద్దున్నే నోటీసు: థర్డ్ ఫ్లోర్ సీనియర్లందరికీ పదిహేను రోజుల సస్పెన్షన్, హాస్టల్ ఖాళీ చేయాలి. ఆ రాత్రి నేను మా ఊళ్లో ఉన్నా. బస్ టికెట్ చూపించినా వినలేదు. మిడ్స్ పోయాయి. ఎవరో చేసిన దానికి నలభై మందికి శిక్షేంటి? ఇలా చేయొచ్చని ఏ రూల్లో ఉంది?

ఫస్టియర్_అమ్మ:
బాబూ, నువ్వు ఊళ్లో ఉన్నావు సరే. మిగతా ముప్పై తొమ్మిది మంది? గంటసేపు ఒక పిల్లాడు గోడకు ఆనుకుని వణుకుతుంటే పక్క గదిలో ఒక్కడికీ వినపడలేదంటే నేను నమ్మను. మా వాడు వేరే కాలేజీలో ఈ ఏడే చేరాడు. చొక్కా మూడో గుండీ వైపు చూస్తూ మాట్లాడాలట సీనియర్లతో. సరదా అంటారు దీన్ని. అడ్మిషన్ అప్పుడు మీరూ, మీ అమ్మానాన్నలూ ర్యాగింగ్ అఫిడవిట్ మీద సంతకం పెట్టారు కదా, అందులో ఏముందో ఒకసారి చదువు. స్వయంగా చేసినా, చేసేవాళ్లకు ఊరికే అండగా నిలిచినా చర్య తప్పదని ఉంది. 2009లో హిమాచల్‌లోని టాండా మెడికల్ కాలేజీలో అమన్ కచ్రూ సీనియర్ల దెబ్బలకు చనిపోయాడు. ర్యాగింగ్ మీద యూజీసీ నిబంధనలు ఆ ఏడాదే వచ్చాయి.

ఓరుగల్లు_వకీలు:
తమ్ముడూ, రూల్ ఉంది. బాధ్యుల్ని గుర్తించలేకపోతే సామూహిక శిక్ష వేయాలని యూజీసీ 2009 నిబంధనల్లోనే రాశారు. కాబట్టి కాలేజీకి అధికారం లేదనే వాదన నిలబడదు.

కానీ గుర్తించలేకపోవడం వేరు, వెతక్కపోవడం వేరు. శిక్ష నిర్ణయించాల్సింది యాంటీ ర్యాగింగ్ కమిటీ. అందులో పోలీసులు, తల్లిదండ్రులు, ఫ్రెషర్లు, సీనియర్ల ప్రతినిధులు కూడా ఉండాలి. రాత్రి ఘటన జరిగితే పొద్దునకల్లా నోటీసు వచ్చిందంటే ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంది? ఎవరిని విచారించింది?

ఇంకో సంగతి. నేరం కిందికి వచ్చే ర్యాగింగ్ అయితే 24 గంటల్లో ఎఫ్ఐఆర్ పెట్టించాల్సింది కాలేజీ పెద్దే. మన తెలుగు రాష్ట్రాల 1997 ర్యాగింగ్ నిషేధ చట్టంలో ఏడిపించడం, అవమానించడం కూడా నేరాలే, ఆరు నెలల దాకా జైలు. ఫిర్యాదు వచ్చినా చర్య తీసుకోని ప్రిన్సిపల్‌ని నేరానికి తోడ్పడినట్టే చూస్తుంది ఆ చట్టం. ఈ సంగతి చాలామంది ప్రిన్సిపల్స్‌కి తెలుసు, పిల్లలకే తెలీదు. మీ దగ్గర ఎఫ్ఐఆర్ అయిందా?

మూడో_ఫ్లోర్:
లేదన్నా. కాలేజీ పేరు పాడవుతుందని లోపలే సెటిల్ చేశారు.

మాజీ_వార్డెన్:
నాలుగేళ్లు బాయ్స్ హాస్టల్ చూశాను కాబట్టి చెబుతున్నా. అందరినీ పంపించేస్తామని బెదిరిస్తే సాయంత్రానికి పేర్లు వచ్చేస్తాయి, నిజమే. మా దగ్గరా వచ్చాయి. రెండు పేర్లు. అందులో ఒకటి ఉత్తదే. ఆ కుర్రాడు ఎవరితోనూ కలవడు, మెస్సులో ఒక్కడే కూర్చుని తినేవాడు, ఎవరికీ పడేవాడు కాదు. అందరూ కలిసి వాణ్ణి చూపించి బయటపడదామనుకున్నారు. గేటు రిజిస్టర్లో ఆ టైముకు వాడు బయట ఉన్నట్టు సంతకం ఉండబట్టి సరిపోయింది. లేకపోతే వాడి టీసీ మీద ర్యాగింగ్ అని రాసేవాళ్లం. ఆ రాతతో ఇంకెక్కడ సీటిస్తారు చెప్పండి?

ఫస్టియర్_అమ్మ:
సార్, మీరు రిజిస్టర్ చూశారు కాబట్టి నిజం తేలింది. అంటే విచారణ చేస్తే తేలుతుందనేగా. విచారణ సరిగ్గా చేయలేదని శిక్షే వద్దంటే ఎలా? గోడకుర్చీ వేసిన పిల్లాడు ఇవాళ ఎవరి మధ్య తిరుగుతున్నాడు? వాడి సంగతి ఇక్కడ ఒక్కరూ అడగలేదు.

ఓరుగల్లు_వకీలు:
అమ్మా, మీ మాట సబబే. చెప్పిన వాళ్ల పేరు బయట పెట్టకూడదని కూడా నిబంధనల్లో ఉంది. ఆ నమ్మకం పిల్లలకి కలిగితే సగం పని అవుతుంది.

తమ్ముడూ, మీది అఫిలియేటెడ్ కాలేజీ అయితే వీసీకి అప్పీల్ పెట్టుకో. బస్ టికెట్ జత చెయ్. కమిటీ మినిట్స్ కాపీ రాతపూర్వకంగా అడుగు. నలభై మంది తరఫున ఒకే కాగితం వద్దు, ఎవరిది వాళ్లు రాయండి, ఆ రాత్రి ఎవరెక్కడున్నారో సహా.

మూడో_ఫ్లోర్:
రాస్తాను. కానీ ఎఫ్ఐఆర్ ఎందుకు పెట్టలేదని అడిగితే అది మా మీదే పెడతారేమోనని మా వాళ్లకి టెన్షన్.

ఫస్టియర్_అమ్మ:
పెట్టనీ బాబూ. పోలీసులైనా ఎవడు చేశాడని అడుగుతారు. మీ కాలేజీ అదీ అడగలేదుగా.