ప్రాగ్‌లో ఒక్క రోజు: అమ్మానాన్నలతో నడిచి చూడగలమా?

గోదారమ్మాయి: మ్యూనిక్ నుంచి అమ్మానాన్నలని తీసుకుని వెళ్తున్నాం. ఒక్క రోజే ఉంటాం. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. కోట, చార్లెస్ వంతెన, పాత గడియారం మూడూ చూడాలని ఆయన పట్టు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

బెజవాడోడు: అందరూ గడియారం దగ్గర మొదలెట్టి, ఎండ ముదిరాక కోట ఎక్కుతారు. మీరు తిరగేయండి. పొద్దున్నే 22వ నంబరు ట్రామెక్కి కోటకి పైనున్న పొహొర్జెలెత్స్ స్టాపులో దిగండి. అక్కణ్ణుంచి కోట, నెరుదోవా వీధి, వంతెన... అంతా దిగుడే.

కాజీపేట జంక్షన్: మోకాళ్లకి దిగుడే ఎక్కువ నొప్పండీ! పైగా అంతా రాళ్లు పరిచిన రోడ్లు. కోట చూశాక మళ్లీ అదే 22 ఎక్కి మలోస్త్రాన్స్కే నామ్యెస్తీ స్టాపులో దిగితే వంతెన దగ్గరే. కోట ఆవరణలో తిరగడానికి టికెట్ అక్కర్లేదు, సెయింట్ వైటస్ చర్చి లోపలికి మాత్రం కావాలి. కొనండి. 1344లో మొదలెట్టిన కట్టడం 1929కి గానీ పూర్తవలేదు మరి.

తిరుగుబోతు: గడియారం 1410 నాటిది, గొప్పదే. కానీ గంట కొట్టేటప్పుడు బొమ్మలు తిరిగే తంతు చిటికెలో అయిపోతుంది, దానికోసం ముందే వెళ్లి నిలబడకండి. గడియారం ఉన్న టౌన్ హాల్ మూల తిరిగి నేల చూడండి. రాళ్లలో 27 తెల్ల శిలువలు పొదిగి ఉంటాయి. అప్పట్లో ఇక్కడ ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి మీద తిరగబడ్డ 27 మందిని 1621లో అక్కడే చంపారు. అందులో 12 మంది తలలు వంతెన చివరి బురుజుకి వేలాడదీశారు. మీరు వంతెన దాటి వచ్చేది ఆ బురుజు కిందనుంచే. దారంతా ట్రడెల్నిక్ అని చుట్టలా చుట్టి కాల్చిన తీపి రొట్టెలు అమ్ముతారు, ‘పాతకాలపు చెక్ వంటకం’ అని బోర్డు పెట్టి. అంత సీన్ లేదు.

గోదారమ్మాయి: శాకాహారం సంగతి?

కాజీపేట జంక్షన్: ‘స్మజెనీ సీర్’ అని వేయించిన చీజ్ దొరుకుతుంది. పై పూతలో గుడ్డుంటుంది, అమ్మగారికి చెప్పండి. మంచినీళ్లు ‘నెపెర్లివా’ అని అడగండి, లేదంటే సోడా చేతిలో పెడతారు.

గోదారమ్మాయి: అమ్మ గుడ్డు ముట్టదు. పులిహోర కట్టేస్తాం అంటోంది.

బెజవాడోడు: అయితే కంపా పార్కులో కూర్చుని తినండి, వంతెనకి కోట వైపే ఉంది. వంతెన మీంచి మెట్లు దిగకుండా కింద వీధిలోంచి వెళ్లండి, నాన్నగారికి సుఖం.