టాండెమ్ (ఇద్దరు కలిసి తొక్కే) సైకిల్: ముందు నేను, వెనక మా ఆయన. కదలడమే కష్టంగా ఉంది, ఏం చేయాలి?

మణికొండ నుంచి:
నమస్కారం అండీ. మా ఆయనకు రెటినైటిస్ పిగ్మెంటోసా. చూపు ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు వెలుతురు ఎటు ఉందో తెలుస్తుంది, అంతే. పెళ్లికి ముందు నుంచీ ఆయనకు సైకిలంటే ప్రాణం. చూపు బాగా తగ్గాక సైకిల్ అమ్మేశారు, అప్పటి నుంచి ఆ మాటే ఎత్తరు. ఈమధ్య ఒకరి దగ్గర పాత టాండెమ్ ఉందంటే వెళ్లి కొన్నాం.

నార్సింగి నుంచి కొల్లూరు వరకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023లో తెరిచింది. కార్లు, బైకులు రావు, పైన నీడ ఉంటుంది. అక్కడ తొక్కాలని మా ఆశ. కానీ ఆయన ఎక్కగానే బండి ఒక పక్కకు లాగేస్తోంది. నేను 55 కిలోలు, ఆయన 80 దాటారు. బరువైనవాళ్లే ముందు కూర్చోవాలని అందరూ అంటున్నారు. మాకు ఆ వీలు లేదు. పైగా నేను తొక్కడం ఆపినప్పుడల్లా ఆయన మోకాళ్లకు జర్క్ వస్తోంది. ఆయన ఏమీ అనరు, నాకే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

విశాఖ, ముందు సీటు:
మేడమ్, నేను చూపులేని నా స్నేహితుడితో టాండెమ్ తొక్కుతాను. వాడు నాకంటే బాగా బరువు, అయినా ముందు సీటు నాదే. మీ ఇబ్బంది తీరుతుంది, ధైర్యంగా ఉండండి.

ముందు మీరు బండి మధ్యలో నిలబడండి, సీటు మీద కూర్చోవద్దు. పాదాలు రెండూ బాగా ఎడంగా పెట్టాలి, లేకపోతే పెడల్ తిరిగి పిక్కకు కొడుతుంది. రెండు బ్రేకులూ గట్టిగా పట్టుకుని "ఎక్కండి" అన్నాకే ఆయన ఎక్కాలి. ఆ బరువును చేతులతో ఆపాలని చూడకండి. తొడలు, నడుముతో బండిని నిటారుగా పట్టండి. ఆయన కూర్చుని రెండు కాళ్లూ పెడల్స్ మీద పెట్టేస్తే ఇక దిగేదాకా నేలకు ఆనించరు. మీరు ఏ కాలితో మొదలుపెడతారో ఆ పెడల్‌ను వెనక్కి తిప్పి పైకి తెచ్చేది కూడా ఆయనే. తర్వాత "ఒకటి, రెండు, పద" అని ఇద్దరూ ఒకేసారి తొక్కాలి. మీరు సీటు మీదికి చేరేలోపు బండిని నడిపేవి ఆయన కాళ్లే. అప్పుడు గేర్ తేలికగా ఉండాలి, అంటే కిందటిసారి ఆగే ముందే మార్చుకుని ఉండాలి. ఆగినప్పుడు కూడా నేల మీద పెట్టేది మీ కాలే. ఆయన కదలకుండా కూర్చోవాలి.

మోకాళ్ల సంగతికి వస్తే, మీ పెడల్స్‌నూ ఆయన పెడల్స్‌నూ ఎడమ వైపు ఒక చైన్ కలుపుతుంది. మీరు ఆపితే ఆయన కాళ్లు ఆగాల్సిందే. ముందు తెలియదు కాబట్టి జర్క్ వస్తుంది. ఏం చేయబోతున్నా ఒక క్షణం ముందు చెప్పండి. మేం ఒక్కో మాటే వాడతాం: ఆపు, గేర్, గుంట, బ్రేక్, ఎడమ. "గుంట" అని బండి దానిలో పడ్డాక అంటే లాభం లేదు. కంటికి కనిపించగానే మనం సీటు మీంచి కాస్త లేస్తాం, వెనక ఉన్నవాళ్ల నడుము మాత్రం దెబ్బ తింటుంది. డబ్బు ఖర్చు పెట్టేట్టయితే ముందు ఆయన సీటు కింద సస్పెన్షన్ ఉన్న సీట్ పోస్ట్ వేయించండి.

ఆ ట్రాక్ వెడల్పు నాలుగున్నర మీటర్లు. కొత్తలో బండి మీద ఉండి వెనక్కి తిప్పబోకండి, దిగి తిప్పుకోండి. చదునైన చోట బండి మీరు అనుకున్నదానికంటే వేగంగా పోతుంది. తొక్కేది ఇద్దరు, ఎదురుగాలి మాత్రం దాదాపు ఒక్కరికి తగిలినంతే. ఎక్కుడులో నెమ్మదిస్తుంది. దిగుడులో ఇద్దరి బరువూ బ్రేకుల మీదే పడుతుంది. చక్రం అంచును పట్టి ఆపే రిమ్ బ్రేకులు మాత్రమే ఉంటే అనంతగిరి ఘాట్ లాంటి చోట్లకు తీసుకెళ్లొద్దు. రిమ్ము కాలిపోయి ట్యూబ్ పేలే ప్రమాదం ఉంది.

గుంటూరు, సైకిల్ రిపేర్:
పాత బండి అన్నారు కాబట్టి ఆ ఎడమ చైన్ చూపించుకోండి. సాగి ఉంటే తొక్కడం మొదలుపెట్టినప్పుడల్లా లాగినట్టు ఉంటుంది, జర్క్‌కు అదీ ఒక కారణం. చాలా టాండెమ్‌లలో ముందు పెడల్స్ ఇరుసు ఉన్న గుండ్రటి గూడును వదులు చేసి తిప్పితే చైన్ బిగుస్తుంది. అది ఊడితే మీ పెడల్స్ ఉత్తినే తిరుగుతాయి. వెనక చక్రం పుల్లల్లో ఒక్కటి వదులైనా ఊరుకోవద్దు, ఎక్కువ బరువు దాని మీదే.

మణికొండ నుంచి:
ఇద్దరికీ చాలా థాంక్స్. మా ఆయనకు చదివి వినిపించాను. చైన్ నిజంగానే వేలాడుతోంది. ఇంకో సందేహం. దారిలో కనిపించేవన్నీ ఆయనకు చెబుతూ ఉండాలా?

వెనక సీటు మనిషి:
అక్కా, నాకు పుట్టుకతోనే చూపు లేదు. స్క్రీన్ రీడర్‌తో ఇదంతా విన్నాను. అన్నీ వర్ణించక్కర్లేదు. ఎదురుగా మనుషులు వస్తుంటే చెప్పండి. ఎక్కుడు వస్తుంటే అదెంత దూరమో చెప్పండి, దాన్నిబట్టి నేను బలం దాచుకుంటాను. మిగతావి గాలి, చప్పుడు, టైర్ కింద రోడ్డు నాకు చెబుతాయి.

బావగారికి సైకిల్ మీద ఏళ్ల అనుభవం ఉంది. ఎంత వేగంగా తొక్కాలో, గేర్ ఎప్పుడు మార్చాలో ఆయన్నే నిర్ణయించనివ్వండి. మీరు దారి చూడండి. పారాలింపిక్స్ టాండెమ్ రేసుల్లో చూపులేని క్రీడాకారుడు వెనక ఉంటాడు, గెలిస్తే ముందు తొక్కిన పైలట్‌కూ పతకం ఇస్తారు. ఇద్దరూ తొక్కేవాళ్లే అని అందరికీ తెలియాలి. నన్ను సామానులా ఎక్కించుకుని తిప్పేవాళ్లతో నేను మళ్లీ వెళ్లను.

ఆయన ఏమీ అనరని రాశారు. నొప్పి ఎక్కడ, ఎప్పుడు మొదలైందని తొక్కిన ప్రతిసారీ మీరే అడగండి. ఆయన నీళ్ల సీసా తీసినా, చొక్కా సర్దుకున్నా ముందు మీకు చెప్పాలి, వెనక బరువు కదిలితే మీ హ్యాండిల్ ఊగుతుంది. మధ్యలో ఆగి దిగారనుకోండి, ఫోన్ వచ్చిందని చెప్పకుండా పక్కకు వెళ్లిపోకండి. బండి పట్టుకుని మీతో మాట్లాడుతూ ఉంటాం, అక్కడ ఎవరూ ఉండరు.