తమ్ముడికి చేతి జీపీఎస్ కొని పంపొచ్చా?

మాది పర్లాకిమిడి. తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు, ఎక్కడో చెప్పను గానీ ఎముకలు కొరికే చలి. చిన్న చేతి జీపీఎస్ కొని పంపమంటున్నాడు. గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్ చూశాను. రెండు ఏఏ సెల్స్‌తో నడుస్తుంది, చార్జింగ్ గొడవ లేదు. కానీ మామూలు ఆల్కలైన్ సెల్స్ గడ్డకట్టే చలిలో త్వరగా చచ్చిపోతాయి కదా, లిథియం ఏఏ సెల్సే పంపాలా? అవి పార్సిల్‌లో తీసుకుంటారా?

అసలు టెన్షన్ వేరే. 2020లో ఆర్మీ 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసేయమంది. మరి సొంత జీపీఎస్ ఒప్పుకుంటారా? 1991 గల్ఫ్ యుద్ధంలో మిలిటరీ రిసీవర్లు చాలక అమెరికా సైనికులు బజారు జీపీఎస్‌లే వాడారు, కొందరికి ఇంటివాళ్లే పంపారు. అది వాళ్ల సంగతి, మన దగ్గర రూల్స్ వేరు. శాటిలైట్‌తో మెసేజ్ పంపే ఇన్‌రీచ్ లాంటివి మన దేశంలో లైసెన్స్ లేకుండా ఉంచుకుంటే కేసే, కాబట్టి వాటి జోలికి పోను.

సర్వీసులో ఉన్నవాళ్లు, రిటైరైన అన్నలు ఎవరైనా చెప్పండి: ముందుగా యూనిట్‌లో రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలా, ఎవరిని అడగాలి? వాడినడిగితే "నువ్వు పంపక్కా, నేను చూసుకుంటా" అంటాడు. ఆ మాట నమ్మి పద్దెనిమిది వేలు పెట్టలేను.