షేరింగ్ ఫ్లాట్‌లో కరెంటు బిల్లు ఎలా పంచుకోవాలి?

ప్రశ్న: నలుగురం ఉంటున్నాం. ఏసీ ఒక్క గదిలోనే ఉంది, అయినా బిల్లు సమానంగా కట్టమంటున్నారు. అడిగితే గొడవ, అడక్కపోతే నాకు నష్టం. ఏం చేయాలి?

జవాబు: ఏసీ లైనుకి సబ్ మీటర్ (ఆ ఒక్క లైను వాడకాన్నే విడిగా లెక్కించే మీటర్) పెట్టించండి, ఓనర్‌కి ముందే చెప్పి ఎలక్ట్రీషియన్ చేతే. నెల మొదట్లో, చివర్లో రీడింగ్ ఫొటో తీసి అందరికీ పంపితే ఇక వాదన ఉండదు. ఫ్రిజ్, హాలు లైట్ల ఖర్చు మాత్రం సమానంగా పంచుకోవడమే న్యాయం.

జవాబు: ఏసీ ఒక్కటే కాదండీ, గీజర్ కూడా చూడండి. 2000 వాట్లది గంటసేపు ఆగకుండా వేడెక్కితే 2 యూనిట్లు!

జవాబు: ముందు అన్నీ ఆపేసి, ప్లగ్గులు తీసేసి మీటర్ దగ్గరికి వెళ్ళండి. అప్పటికీ ఎర్ర లైటు మినుకుమినుకుమంటూ రీడింగ్ పెరుగుతుంటే వైరింగ్‌లో లీకేజీ ఉండొచ్చు, లేదా పక్కవాళ్ళ లైను మీ మీటర్‌కి కలిసి ఉండొచ్చు.